ఎనభై ఏళ్ల స్కాలర్‌షిప్: సిద్దిపేట చదువులపై సింహావలోకనం

సిద్దిపేటలో ఇంటర్ పాసైన పేదింటి పిల్లను 'ఎక్కడ చేరుతున్నవు బిడ్డా?' అని అడిగి చూడండి. కాలేజీ పేరుతోపాటే 'రియంబర్స్‌మెంట్ వస్తదట' అన్న మాటా వస్తుంది. బీడీలు చుట్టే తల్లికి, మగ్గం నేసే తండ్రికి, రెండెకరాల చెలక మీద బతికే కుటుంబానికి ఆ మాటే ధైర్యం. డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజనీరింగ్, బీఈడీ, ఏ చదువైనా సరే, ఫీజు సర్కారు కడుతుందన్న భరోసాతోనే ఈ ప్రాంతంలో ఎన్నో ఇళ్ల నుంచి మొదటిసారిగా ఒకరు కాలేజీ గడప తొక్కారు.

ఆ భరోసా ఒక్కనాటిలో పుట్టలేదు. సంస్థానం రోజుల్లో కొందరు పెద్దల ఆరాటం, అంబేడ్కర్ పట్టుదల, వెనకబడిన కులాల ఉద్యమాలు, విద్యార్థి సంఘాల ధర్నాలు, కోర్టు తీర్పులు, ఎన్నికల హామీలు అన్నీ కలిసి ఇవాళ్టి ఆన్‌లైన్ ఈ-పాస్ దరఖాస్తుగా తేలాయి. ఈ దారిని మొదటి నుంచి తిరిగి చూస్తే ఒక సంగతి తేటతెల్లమవుతుంది. సాయం ఎవరికి అందాలన్న ప్రశ్నను మన సమాజం పోరాడి చాలావరకు గెలిచింది. ఎప్పుడు అందాలన్న ప్రశ్న దగ్గర మాత్రం ఇప్పటికీ ఓడిపోతూనే ఉంది.

సంస్థానం రోజులు

నిజాం పాలనలో సిద్దిపేట మెదక్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. కాలేజీ చదువు అంటే హైదరాబాద్ పోవాల్సిందే. 1917లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇవ్వగా, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది. భారతీయ భాషలో ఉన్నత విద్య చెప్పిన విశ్వవిద్యాలయంగా దానికి గొప్ప పేరుంది. కానీ ఆ భాష ఉర్దూ. తెలుగు పల్లెల నుంచి వచ్చే పిల్లవాడికి అక్కడ చేరడమంటే రెండు గోడలు దాటడం: ఒకటి భాష, రెండోది పట్నంలో ఉండి తినడానికి అయ్యే ఖర్చు.

రెండో గోడను దాటించడానికి ముందుకొచ్చింది సర్కారు కంటే సమాజమే. 1918లో రాజా బహదూర్ వెంకటరామరెడ్డి పూనికతో హైదరాబాద్‌లో రెడ్డి హాస్టల్ వెలిసింది. తెలంగాణ పల్లెల నుంచి వచ్చిన ఎందరో విద్యార్థులకు అది కూడు, గూడు ఇచ్చింది. అంతకు ముందే 1910 నుంచి భాగ్యరెడ్డివర్మ హైదరాబాద్‌లో దళిత పిల్లల కోసం పాఠశాలలు తెరిచారు. 1930లో మెదక్ జిల్లాలోనే జోగిపేటలో, సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన మొదటి నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. విద్యావ్యాప్తి ఆనాటి పెద్దల ప్రధాన ఆరాటాల్లో ఒకటి. బడి లేని చోట కాలేజీ ఊసెక్కడిది? అప్పటి పోరాటమంతా అక్షరం కోసమే సాగింది.

పేదవాడి చదువుకు ఖజానా నుంచి డబ్బు కేటాయించాలన్న ఆలోచన దేశస్థాయిలో ఊపిరి పోసుకుంది 1940లలో. 1942లో వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ సభ్యుడిగా చేరిన అంబేడ్కర్, అదే ఏడాది అక్టోబరులో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు షెడ్యూల్డ్ కులాల కష్టాలపై సుదీర్ఘమైన వినతిపత్రం సమర్పించారు. ఉన్నత విద్యకు, అందులోనూ సైన్సు, సాంకేతిక చదువులకు ఈ కులాల పిల్లలకు ప్రభుత్వమే డబ్బివ్వాలని పట్టుబట్టారు. ఫలితంగా ఏటా 3 లక్షల రూపాయల కేటాయింపుతో 1944లో ఎస్సీ విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. 1948లో ఎస్టీలకూ వర్తించింది. అదే 1944లో అమెరికా, యుద్ధం నుంచి తిరిగొచ్చే సైనికుల కాలేజీ చదువుకు ప్రభుత్వమే డబ్బు కట్టేలా జీఐ బిల్లు తెచ్చింది. ఉన్నత విద్య ఖర్చును ప్రభుత్వం భరించాలన్న ఆలోచన ఒకే ఏడాది రెండు ఖండాల్లో పథకంగా మారింది. మన దగ్గర అది అందరికంటే కిందనున్నవారి నుంచి మొదలైంది. ఇది మనం గర్వించదగ్గ విషయం.

హైదరాబాద్ సంస్థానం బ్రిటిష్ ఇండియాలో భాగం కాదు, కాబట్టి ఈ పథకం ఇక్కడికి వెంటనే రాలేదు. ఇక్కడ దళిత నాయకుడు బి.ఎస్. వెంకటరావు, 1947లో నిజాం ప్రధాని లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యామంత్రి అయ్యారు. నిమ్నకులాల పిల్లల చదువుకు కోటి రూపాయల నిధి ఏర్పాటులో ఆయన పాత్ర ఉంది. 1948 సెప్టెంబరులో సంస్థానం భారత యూనియన్‌లో కలవడం, 1950లో రాజ్యాంగం అమల్లోకి రావడంతో కేంద్ర స్కాలర్‌షిప్ దారి సిద్దిపేట పిల్లలకూ తెరుచుకుంది.

ఊళ్లో కాలేజీ, నోటీసు బోర్డు మీద పేరు

స్కాలర్‌షిప్ ఉండి కాలేజీ దూరంగా ఉంటే ప్రయోజనం సగమే. ఆ కొరత తీరింది 1956లో, సిద్దిపేటలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల వచ్చినప్పుడు. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. తెలంగాణలోని విద్యా సౌకర్యాలు తెలంగాణ విద్యార్థులకే దక్కాలని, వాటిని ఇంకా మెరుగుపరచాలని పెద్దమనుషుల ఒప్పందంలో రాసుకున్నారు. ఆ మాట నిలబడలేదన్న ఆవేదన 1969 తెలంగాణ ఉద్యమానికి ఒక కారణమైంది. ఆ తరవాత ఆరు సూత్రాల పథకం, దాన్ని అనుసరించి 1974 రాష్ట్రపతి ఉత్తర్వులు వచ్చాయి. స్థానికుడు ఎవరన్న నిర్వచనం అప్పుడే చట్టబద్ధమైంది. నలభై ఏళ్ల తరవాత స్కాలర్‌షిప్ చర్చలో ఈ నిర్వచనమే మళ్లీ ముందుకొచ్చింది.

సిద్దిపేట డిగ్రీ కళాశాల చుట్టుపక్కల పల్లెలకు వెలుగు చూపింది. చింతమడకలో పుట్టి ఇక్కడ చదివిన కల్వకుంట్ల చంద్రశేఖరరావు తెలంగాణ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. కవి నందిని సిధారెడ్డి ఇక్కడ పాఠం చెప్పారు. పేరు బయటికి రాని వేలమంది ఈ గేటు దాటి టీచర్లు, గుమాస్తాలు, ఉద్యోగులు అయ్యారు. వాళ్లలో చాలామందికి సర్కారు హాస్టలే ఇల్లు, స్కాలర్‌షిప్పే చేతి ఖర్చు.

బీసీల వంతు వచ్చింది 1970లో. అనంతరామన్ కమిషన్ సిఫార్సుల మేరకు ఆ ఏడాది సెప్టెంబరు 23న ప్రభుత్వం జీవో 1793 ఇచ్చింది. బీసీలకు ఏ, బీ, సీ, డీ వర్గాలుగా 25 శాతం రిజర్వేషన్లు వచ్చాయి. 1972లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. సిద్దిపేట ప్రాంతంలో పద్మశాలి, గొల్ల కురుమ, ముదిరాజ్, గౌడ, చాకలి, మంగలి ఇళ్ల పిల్లలకు సీటు దొరికే దారి ఏర్పడింది. సీటుతోపాటు డబ్బు కూడా కావాలని ఆర్. కృష్ణయ్య నాయకత్వంలో బీసీ సంఘాలు దశాబ్దాలపాటు రోడ్డెక్కాయి. వామపక్ష విద్యార్థి సంఘాలు స్కాలర్‌షిప్‌ల పెంపు, మెస్ చార్జీల పెంపు నినాదాలను ప్రతి తాలూకాకూ తీసుకుపోయాయి. బీసీల స్కాలర్‌షిప్‌కు అప్పట్లో ఒక పెద్ద లోపం ఉండేది. బడ్జెట్ ఎంత ఉంటే అంతవరకే మంజూరు. అర్హత ఉండి కూడా 'బడ్జెట్ అయిపోయింది' అన్న జవాబు విని వెనక్కి తిరిగినవాళ్లు ఎందరో.

ఆ రోజుల్లో దరఖాస్తు ఎలా సాగేదో చెప్పుకోవాలి. కాలేజీ ఆఫీసులో ఫారం తీసుకోవాలి. పాస్‌పోర్టు ఫొటో అంటించాలి. మార్కుల మెమోకు, టీసీకి నకళ్లు రాయించి గెజిటెడ్ ఆఫీసర్ సంతకం పెట్టించాలి. తాసీల్ దఫ్తర్‌లో కులం, ఆదాయం సర్టిఫికెట్లు తీసుకోవాలి. దానికి ముందు ఊళ్లో పట్వారీ ఒక మాట రాయాలి. పట్వారీ రాయాలంటే ఆయన ఇంటి ముందు నిలబడాలి. ఇన్నీ జతచేసి ప్రిన్సిపాల్‌కు ఇస్తే, కట్టలు కట్టి జిల్లా కేంద్రమైన సంగారెడ్డికి, సాంఘిక సంక్షేమ శాఖ ఆఫీసుకు పంపేవారు. నెలల తరవాత మంజూరు జాబితా వచ్చి నోటీసు బోర్డు ఎక్కేది. పేరు ఉన్నవాళ్లు ఆఫీసు రూము ముందు వరసకట్టి, రిజిస్టర్‌లో రెవెన్యూ స్టాంపు మీద సంతకం చేసి నగదు తీసుకునేవారు. తరచుగా ఆ డబ్బు చదువు సంవత్సరం ముగిసే వేళకు చేతికందేది. వచ్చిన మొత్తంలో సగం హాస్టల్ మిత్రుల దగ్గర, కిరాణా దుకాణంలో చేసిన బాకీలకే పోయేది.

అయినా ఆ స్కాలర్‌షిప్‌లో ఒక గుణం ఉండేది. ప్రభుత్వ కాలేజీలో ఫీజు నామమాత్రం. అందువల్ల డబ్బు ఆలస్యమైతే పూట గడవడం కష్టమయ్యేది కానీ, టీసీ ఆగిపోయేది కాదు, చదువు ఆగిపోయేది కాదు. ఫీజులు పెరిగాక ఈ పరిస్థితి తలకిందులైంది.

ఫీజు పెరిగిన కాలం

1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం వచ్చింది. క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ అదే ఏడాది చట్టం వచ్చింది. పటేల్ పట్వారీ వ్యవస్థ రద్దయింది, 1985లో మండలాలు ఏర్పడ్డాయి. సర్టిఫికెట్ల కోసం తాలూకా కేంద్రం దాకా పోయే తిప్పలు తగ్గాయి. దుబ్బాక, చిన్నకోడూరు, నంగునూరు వంటి చోట్ల ఎమ్మార్వో ఆఫీసులోనే పని జరిగేది. 1980ల నడుమ ఎంసెట్ వచ్చింది. ఇంజనీరింగ్, మెడిసిన్ సీట్లకు అందరికీ ఒకే పరీక్ష అయింది.

1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో సగం సీట్లు ఉచితం, సగం పేమెంట్ అని విధానం పెట్టింది. ఉన్నవాళ్లు కట్టే ఫీజుతో లేనివాళ్ల చదువు సాగాలన్నది దాని తాత్పర్యం. 2002 అక్టోబరులో టీఎంఏ పాయ్ కేసులో పదకొండుగురు జడ్జీల ధర్మాసనం ఆ విధానాన్ని తోసిపుచ్చింది. యాజమాన్యాలకు ఫీజు నిర్ణయంలో స్వేచ్ఛ పెరిగింది, దాన్ని అదుపులో ఉంచడానికి ఫీజు నియంత్రణ కమిటీలు వచ్చాయి. ఈ లోపు ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలు ఊరూరా వెలిశాయి. హైదరాబాద్, కరీంనగర్ రహదారుల వెంట, సిద్దిపేట పొలిమేరల్లో కూడా పసుపు రంగు కాలేజీ బస్సులు తిరగసాగాయి.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అప్పుడు ప్రతి ఇంటి కల. రైతు రెండెకరాల్లో ఒక ఎకరం అమ్మాడు. నేతన్న మగ్గం మీద అప్పు తెచ్చాడు. దుబ్బాక నుంచి దుబాయి, ముంబయి పోయినవాళ్లు అక్కడి కష్టార్జితాన్ని ఇక్కడి ఫీజులకు పంపారు. 2000 తరవాతి కరువు ఏళ్లలో బోర్లు ఎండిన ఇళ్ల మీద ఫీజు భారం కూడా పడింది. సీటు వచ్చినా చేరలేని పిల్లల బాధ ఆనాడు ప్రతి ఊళ్లో కనిపించేది.

2008: అర్హులందరికీ

ఈ నేపథ్యంలో 2008-09 విద్యా సంవత్సరం ఒక మలుపు. వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఫీజు రియంబర్స్‌మెంట్‌ను అర్హులందరికీ వర్తింపజేసింది. బడ్జెట్ ఉన్నంతవరకే అన్న పాత పరిమితి పోయింది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు, ఆ తరవాత అగ్రవర్ణ పేదలకు (ఈబీసీ) కూడా, ఆదాయ పరిమితికి లోబడి దరఖాస్తు చేసిన ప్రతి ఒక్కరికీ ట్యూషన్ ఫీజు ప్రభుత్వమే కడుతుందని తేల్చిచెప్పింది. మనలో ఎవరు ఏ పార్టీ వారైనా, ఈ నిర్ణయం తెలుగు నేల సామాజిక చిత్రాన్ని మార్చిందని ఒప్పుకోక తప్పదు.

అదే సమయంలో సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ రూపొందించిన ఆన్‌లైన్ దరఖాస్తు విధానం ఈ-పాస్ వచ్చింది. కట్టలు కట్టి సంగారెడ్డి పంపడం పోయింది. దరఖాస్తు ఎక్కడుందో విద్యార్థే చూసుకునే వీలు కలిగింది. స్కాలర్‌షిప్ రెండు పాయలుగా విడిపోయింది: కాలేజీకి చేరే ట్యూషన్ ఫీజు ఆర్‌టీఎఫ్, విద్యార్థి ఖర్చుల కోసం వచ్చే ఎంటీఎఫ్. 2011 నవంబరులో మీసేవ వచ్చాక కులం, ఆదాయం సర్టిఫికెట్ల నంబరు నేరుగా దరఖాస్తుకు జతపడింది.

అయితే వరద వచ్చినచోట బురద కూడా వస్తుంది. ప్రభుత్వ డబ్బే ఆధారంగా నడిచే కాలేజీలు పుట్టాయి. ల్యాబు లేకున్నా, లెక్చరర్ లేకున్నా సీట్లు నిండేవి. ప్రభుత్వం వేలిముద్రల హాజరు, తనిఖీలు మొదలుపెట్టింది. 2012లో కిరణ్‌కుమార్‌రెడ్డి ప్రభుత్వం బీసీ, ఈబీసీ విద్యార్థులకు ఇంజనీరింగ్‌లో 35 వేల రూపాయల పరిమితి విధించింది. ఎంసెట్‌లో 10 వేలలోపు ర్యాంకు వస్తేనే పూర్తి ఫీజు. ఎస్సీ, ఎస్టీలకు మాత్రం పూర్తి ఫీజే కొనసాగింది. ఆ 35 వేలు ఆనాటి లెక్కకు సరిపోయింది. 2022లో తెలంగాణలో ఇంజనీరింగ్ కనీస ఫీజే 45 వేలైంది, పేరున్న కాలేజీల్లో లక్షన్నర దాటింది. పరిమితి మాత్రం కదల్లేదు. తేడా అంతా తల్లిదండ్రుల మీదే పడింది.

సొంత రాష్ట్రంలో

2014 జూన్ 2న తెలంగాణ వచ్చింది. సిద్దిపేట ఉద్యమానికి గుండెకాయ వంటి చోటు, కాబట్టి ఇక్కడి ఆశలూ పెద్దవే. కొత్త ప్రభుత్వం రియంబర్స్‌మెంట్ స్థానంలో 'ఫాస్ట్' పథకాన్ని ప్రకటించి, 2014 జూలై చివర్లో జీవో 36 ఇచ్చింది. 1956 నవంబరు 1కి ముందు నుంచీ కుటుంబం తెలంగాణలో ఉన్నవారికే సాయం అన్నది అందులోని షరతు. 1974 రాష్ట్రపతి ఉత్తర్వుల్లో స్థానికతకు వేరే కొలమానం ఉండగా ఇదెలా చెల్లుతుందని హైకోర్టు నిలదీసింది. చివరికి ప్రభుత్వం వెనక్కి తగ్గింది, పాత పద్ధతే కొనసాగింది. ఈ గొడవలో ఆ ఏడాది పిల్లల డబ్బులు ఆలస్యమయ్యాయి.

మంచి జరగలేదని అనలేం. గురుకులాలు వందల సంఖ్యలో పెరిగాయి. 1971లో పి.వి. నరసింహారావు చొరవతో సర్వేల్‌లో మొదలైన గురుకుల విధానం డిగ్రీ స్థాయికీ చేరింది. ఎస్సీ ఆడపిల్లల కోసం డిగ్రీ గురుకులాలు తెరవగా సిద్దిపేటకూ ఒకటి వచ్చింది. ఇక్కడ ఫీజు అన్న మాటే లేదు, అన్నం, వసతి, చదువు మూడూ సర్కారువే. విదేశీ చదువుకు అంబేడ్కర్ పేరిట, జ్యోతిబా ఫూలే పేరిట విద్యానిధి పథకాలు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చాయి. 2016 అక్టోబరు 11న సిద్దిపేట జిల్లా అయింది. సంక్షేమ శాఖల జిల్లా ఆఫీసులు ఊళ్లోకే వచ్చాయి, సంగారెడ్డి ప్రయాణం తప్పింది. 2018లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ వచ్చింది. జిల్లాలోని ములుగులో ఉద్యాన విశ్వవిద్యాలయం, అటవీ కళాశాల వచ్చాయి. చదువు ఇంటి దగ్గరికి రావడం కూడా సాయమే. బస్సు చార్జీ, గది అద్దె మిగిలితే పేదింటికి అది రెండో స్కాలర్‌షిప్ కింద లెక్క.

కేంద్రం వైపు కథ కూడా చెప్పుకోవాలి. ఎస్సీ స్కాలర్‌షిప్‌లో చాలాకాలం ఒక మెలిక ఉండేది. ఒక పంచవర్ష ప్రణాళిక చివరి ఏడాదిలో ఎంత ఖర్చయిందో అంత భారం తరవాత రాష్ట్రమే మోయాలి, దానిపైన పెరిగినదే కేంద్రం ఇస్తుంది. దీనివల్ల కేంద్రం వాటా చిక్కిపోతూ వచ్చింది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఈ పద్ధతి మార్చి, కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించేలా, 2025-26 వరకు మొత్తం 59 వేల కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. రాష్ట్రం తన 40 శాతం ముందు జమచేస్తేనే కేంద్రం 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాలో వేస్తుంది. నియమం మంచిదే. కానీ రాష్ట్రం ఆలస్యం చేస్తే కేంద్రం డబ్బూ ఆగిపోతుంది. ఇద్దరి నడుమ నలిగేది విద్యార్థే.

మీసేవ నుంచి టోకెన్ దాకా

ఇవాళ్టి దరఖాస్తును కూడా దగ్గర నుంచి చూద్దాం. ఇంటర్ ఫలితాలు రాగానే సిద్దిపేట, గజ్వేల్, దుబ్బాక, హుస్నాబాద్, చేర్యాల మీసేవ కేంద్రాల ముందు తల్లీపిల్లలు కనబడతారు. ఆదాయం సర్టిఫికెట్ తాజాది కావాలి. పల్లెలో బీసీ, ఈబీసీ, మైనారిటీలకు లక్షన్నర, పట్నంలో 2 లక్షలు దాటకూడదు. ఏడాది పొడవునా ఉపాధి హామీ పనికి, కూలికి పోయే భార్యాభర్తల సంపాదన కలిపితే ఇవాళ లక్షన్నర దాటడం ఎంతసేపు? పరిమితి పెట్టి ఏళ్లు గడిచాయి, కూలిరేట్లు పెరిగాయి, ధరలు పెరిగాయి. పరిమితి మాత్రం అక్కడే నిలిచింది.

సర్టిఫికెట్ వచ్చాక ఈ-పాస్‌లో పదో తరగతి హాల్ టికెట్ నంబరు, ఆధార్, బ్యాంకు ఖాతా నింపాలి. పదో తరగతి మెమోలో పేరు ఒక తీరు, ఆధార్‌లో ఇంకో తీరు ఉంటే అక్కడే బ్రేకు. ఇంటి పేరు ముందా వెనకా, పుట్టిన తేదీలో ఒక అంకె తేడానా అన్నదాని మీద ఒక చదువు భవిష్యత్తు ఆధారపడుతుంది. ప్రింటు తీసి కాలేజీలో ఇవ్వాలి. కాలేజీ సరిచూసి, వేలిముద్ర తీసుకుని సంక్షేమ శాఖకు పంపాలి. హాజరు 75 శాతం ఉండాలి. అక్కడ మంజూరైతే బిల్లు ట్రెజరీకి పోతుంది, టోకెన్ నంబరు పడుతుంది.

అసలు కథ అక్కడ మొదలవుతుంది. టోకెన్ పడింది, డబ్బులు పడలేదు. 'ఇంకా పడలే సార్' అన్న మాట కాలేజీ ఆఫీసులో రోజూ వినబడేదే. మూడేళ్ల డిగ్రీ అయిపోతుంది, నాలుగేళ్ల బీటెక్ అయిపోతుంది. పీజీ కౌన్సెలింగ్‌కో, ఉద్యోగం వెరిఫికేషన్‌కో ఒరిజినల్స్ కావాలని పిల్లలు కాలేజీకి పోతే, 'సర్కారు ఇవ్వని ఫీజు మీరు కట్టి తీసుకుపోండి' అంటారు. సర్టిఫికెట్లు అట్టిపెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ చెప్పి ఏళ్లు గడిచాయి. సిద్దిపేట ఇళ్లలో ఆ మాటకు విలువ రాలేదు. తల్లి మహిళా సంఘంలో లోన్ తీస్తుంది, పుస్తెలతాడు కుదువబెడుతుంది, మూడు రూపాయల మిత్తికి తెస్తుంది. సర్కారు కట్టాల్సిన ఫీజుకు బీడీలు చుట్టే అమ్మ మిత్తి కడుతోంది. ఈ ఎనభై ఏళ్ల కథలో ఇంతకు మించిన అన్యాయం లేదు.

కాలేజీల బాధ కూడా నిజమే. నెలల తరబడి లెక్చరర్లకు జీతాలు ఇవ్వలేకపోతున్నామని యాజమాన్యాలు చెబుతాయి. 2025 సెప్టెంబరులో తెలంగాణ ఉన్నత విద్యాసంస్థల సమాఖ్య బంద్‌కు పిలుపిచ్చింది. 1,200 కోట్ల రూపాయలు విడతలుగా ఇస్తామన్న హామీతో అది సద్దుమణిగింది. హామీ పూర్తిగా నెరవేరలేదంటూ నవంబరు 3 నుంచి మళ్లీ కాలేజీలు మూసేశారు. మళ్లీ చర్చలు, మళ్లీ హామీ, మళ్లీ తెరిచారు. రియంబర్స్‌మెంట్ విధానాన్ని సంస్కరించడానికి ప్రభుత్వం కమిటీ వేసింది. 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ తన ఆరు గ్యారంటీల్లో 5 లక్షల రూపాయల విద్యా భరోసా కార్డు ఇస్తామని చెప్పింది. కొత్త కార్డు సంగతి తరవాత, ముందు పాత బాకీ తీర్చండన్నది విద్యార్థుల మాట. ఆ మాట న్యాయమైంది. మెస్ చార్జీల విషయంలో మాత్రం ఒక మంచి పని జరిగింది. 2024 నవంబరులో ఇంటర్ నుంచి పీజీ దాకా హాస్టల్ విద్యార్థులకు నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు.

చేయాల్సింది

ఈ చరిత్ర మొత్తం చూస్తే ప్రతి ప్రభుత్వం ఏదో ఒక ఇటుక పేర్చింది. ప్రతి ప్రభుత్వం బాకీ కూడా పెట్టింది. పథకం ప్రకటించిన రోజు పత్రికల నిండా ఫొటోలు వస్తాయి, డబ్బు విడుదల కావాల్సిన రోజు ఎవరికీ గుర్తుండదు. అర్హత అనేది చట్టమై, విడుదల అనేది దయగా మిగలడమే మన రోగం. సాయం ఆలస్యమైతే అది అప్పుగా మారుతుంది. ఆ అప్పు ఎప్పుడూ పేదవాడి పేరుమీదే రాస్తారు.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగాల్సినవి నాలుగు. ఒకటి, ఫీజు బకాయిలను ఒక గడువు పెట్టుకుని పూర్తిగా తీర్చాలి, ఇకపై ప్రతి మూడు నెలలకోసారి ఆ త్రైమాసికం డబ్బు ట్రెజరీలో ఆగకుండా విడుదల కావాలి. రెండు, సర్కారు బాకీ సాకుతో ఏ కాలేజీ అయినా ఒరిజినల్స్ ఆపితే కలెక్టర్ స్థాయిలో వెంటనే చర్య ఉండాలి. మూడు, ఆదాయ పరిమితిని, 35 వేల పరిమితిని నేటి ఫీజులకు, నేటి కూలిరేట్లకు తగ్గట్టు సవరించాలి. నాలుగు, సిద్దిపేట డిగ్రీ కళాశాల వంటి ప్రభుత్వ కాలేజీల్లో సీట్లు, లెక్చరర్లు, ల్యాబులు పెంచాలి. ఫీజే లేని మంచి కాలేజీ ఉంటే రియంబర్స్‌మెంట్ కోసం ఎదురుచూపే ఉండదు. 1956లో ఈ ఊరికి జరిగిన మేలు అదే, ఇప్పుడు మళ్లీ జరగాల్సిందీ అదే.

విద్యార్థులకూ ఒక మాట. ఆఖరు తేదీ పొడిగిస్తారులే అని కూర్చోవద్దు, మొదటి వారంలోనే దరఖాస్తు వేయండి. పదో తరగతి మెమో, ఆధార్, బ్యాంకు పాసుబుక్కులో పేరు ఒక్క తీరుగా ఉందో లేదో ఇంటర్‌లోనే చూసుకోండి. దరఖాస్తు నంబరు, మీసేవ రసీదు, కాలేజీలో ఇచ్చిన ప్రతి కాగితం నకలు దాచుకోండి. రెన్యువల్ ఏటా మీ పూచీ. డబ్బు ఆగితే ఊరికే ఉండకండి, జిల్లా సంక్షేమ అధికారికి, ప్రజావాణిలో కలెక్టర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి, రసీదు తీసుకోండి. అడగడానికి సిగ్గుపడాల్సిన పని లేదు. 1942లో అంబేడ్కర్ వైస్రాయ్‌ను అడిగింది కూడా ఇదే హక్కును, రాతపూర్వకంగానే. మీ స్కాలర్‌షిప్ మీ హక్కు, దాన్ని గడువులోగా చెల్లించడం సర్కారు బాధ్యత.